పేరెక్కితేనే ఆట

వందల కోట్లు పోసి కొన్న ఆటగాడు కూడా గ్యాలరీలో కూర్చోవాల్సి వస్తుంది. మెస్సీ అంతటివాడు కళ్లు తుడుచుకుంటూ క్లబ్బు వదిలి వెళ్లాల్సి వస్తుంది. ఫుట్‌బాల్‌లో రిజిస్ట్రేషన్ జాబితాకూ ఖర్చు పరిమితికీ పడిన ముడి అలాంటిది. బార్సిలోనా నుంచి గచ్చిబౌలి దాకా ఆ ముడి ఎవరిని కాపాడింది, ఎవరి మెడకు చుట్టుకుంది?

2024 ఆగస్టులో బార్సిలోనా క్లబ్బు డానీ ఓల్మోను కొనుక్కుంది. జర్మనీ క్లబ్బు ఆర్‌బీ లైప్‌జిగ్‌తో కుదిరిన ధర సుమారు 5.5 కోట్ల యూరోలు. మన లెక్కలో అప్పట్లో దాదాపు 500 కోట్ల రూపాయలు. అంతకు నెల కిందటే స్పెయిన్ యూరో కప్పు గెలిచింది. ఆ టోర్నీలో ఎక్కువ గోల్స్ చేసినవాళ్లలో ఓల్మో ఒకడు. ఇంగ్లండ్‌తో ఫైనల్ ఆఖరి నిమిషాల్లో గోల్ గీత మీద నిలబడి, లోపలికి పోతున్న బంతిని తలతో బయటికి కొట్టినవాడూ అతనే. పైగా బార్సిలోనాకు పరాయివాడేం కాదు. చిన్నప్పుడు ఆట నేర్చుకున్నది అక్కడి లా మాసియా అకాడమీలోనే.

లీగ్ మొదలైంది. మొదటి మ్యాచ్ అయింది, రెండోదీ అయింది. ఓల్మో మైదానంలోకి దిగలేదు. ఒప్పందం మీద సంతకాలున్నాయి, జీతం లెక్క నడుస్తోంది. స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్ లా లీగా జాబితాలో మాత్రం అతని పేరు లేదు. జట్టు మీద బార్సిలోనా పెడుతున్న ఖర్చు లీగ్ గీసిన గీతను దాటి ఉండటంతో కొత్త పేరు ఎక్కించడానికి చోటు దొరకలేదు. చివరికి డిఫెండర్ ఆండ్రియాస్ క్రిస్టెన్సన్ గాయపడి నెలల తరబడి ఆటకు దూరం కావడంతో దారి తెరుచుకుంది. ఎక్కువ కాలం ఆడలేని ఆటగాడి జీతంలో 80 శాతం దాకా మరొకరి నమోదుకు వాడుకోవచ్చని అక్కడి నిబంధన. ఆగస్టు 27న ఓల్మో పేరు ఎక్కింది. ఆ రాత్రే మాడ్రిడ్‌లో రాయో వల్లేకానోతో మ్యాచ్. సబ్‌స్టిట్యూట్‌గా దిగి 82వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టాడు. సహచరుడి గాయం పుణ్యమా అని తనకు ఆడే వీలు దొరకడం ఏ ఆటగాడికైనా మింగుడుపడే సంగతి కాదు. ఆ నమోదు కూడా డిసెంబరు 31 దాకానే చెల్లుతుంది. అసలు గొడవంతా ఆ తర్వాత మొదలైంది. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

కొనడం వేరు, ఆడించడం వేరు

బదిలీ అనగానే మనకు గుర్తొచ్చేవి ధర, సంతకం, కొత్త జెర్సీ పట్టుకుని దిగిన ఫొటో. అసలు ఘట్టం ఆ తర్వాత ఉంటుంది. ఆటగాడి పేరు ఆ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్యలో, లీగ్‌లో నమోదు కావాలి. కాలేజీలో ఫీజంతా కట్టినా హాల్‌టికెట్ లేనిదే పరీక్ష రాయనివ్వరు కదా, ఇదీ అంతే. నమోదుకు సీజన్‌లో రెండే విడతలు. వాటినే ట్రాన్స్‌ఫర్ విండోలు అంటున్నాం. దేశం మారేవాడికి పాత సమాఖ్య నుంచి అంతర్జాతీయ బదిలీ ధ్రువపత్రం రావాలి. ఆ కాగితాలన్నీ ఫిఫా నడిపే టీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో గడువులోగా చేరాలి. ఫిఫా నియమాల ప్రకారం ఒక ఆటగాడు ఒక సీజన్‌లో సాధారణంగా మూడు క్లబ్బుల్లో నమోదు కావచ్చు గానీ, అధికారిక మ్యాచ్‌లు ఆడగలిగేది రెండింటికే.

గడువు అంటే గడువే. 2015 ఆగస్టు 31 రాత్రి మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ డేవిడ్ డెహెయాను తెచ్చుకోవడానికి రియల్ మాడ్రిడ్ అంతా సిద్ధం చేసుకుంది. కాగితాలన్నీ తమకు అందేసరికే అర్ధరాత్రి దాటిందని, అప్పటికే టీఎంఎస్ మూసుకుపోయిందని మాడ్రిడ్ ప్రకటించింది. ఆలస్యం తమ వల్ల కాదని యునైటెడ్ అంది. తప్పెవరిదైనా బదిలీ ఆగిపోయింది. రెండేళ్లకు పోర్చుగల్ మిడ్‌ఫీల్డర్ అడ్రియెన్ సిల్వాకు ఇంతకన్నా అన్యాయం జరిగింది. లెస్టర్ సిటీ అతణ్ని కొన్నది, డబ్బు కుదిరింది, పత్రాలు మాత్రం 14 సెకన్లు ఆలస్యంగా చేరాయి. నాలుగు నెలలపాటు అతను ఏ క్లబ్బుకూ ఆడలేకపోయాడు. జనవరిలో విండో మళ్లీ తెరిచాకే బరిలోకి దిగాడు. ఆటగాడి కెరీరే పది పన్నెండేళ్లు. అందులో నాలుగు నెలలంటే మాటలు కాదు.

కాగితాలు సమయానికి చేరినా జాబితాలో చోటుండాలి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2010-11 నుంచి 25 మంది జాబితా నిబంధన ఉంది. అందులో బయట తయారైనవాళ్లు 17 మందిని మించకూడదు. మిగతావాళ్లు 21 ఏళ్లు నిండేలోపు కనీసం మూడు సీజన్లు ఇంగ్లండ్ లేదా వేల్స్ క్లబ్బులో తయారైనవాళ్లయి ఉండాలి. ఇక్కడ పుట్టుకతో, పాస్‌పోర్టుతో పనిలేదు, ఎక్కడ పెరిగాడన్నదే లెక్క. 21 ఏళ్లలోపు కుర్రాళ్లకు జాబితాతో పని లేదు. డబ్బున్న క్లబ్బులు ఆటగాళ్లను కొని మూల కూర్చోబెట్టకుండా, స్థానిక పిల్లలకు అవకాశం దొరికేలా పెట్టిన నిబంధన ఇది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఎక్కువ మేలు చేసింది ఇదే. అయినా దీనికీ ఒక చేదు ముఖం ఉంది. 2020 అక్టోబరులో ఆర్సెనల్ తన జాబితాల్లోంచి మెసుట్ ఓజిల్‌ను తప్పించింది. ప్రపంచకప్ గెలిచిన ఆటగాడు, క్లబ్బులో అత్యధిక జీతం తీసుకునేవాళ్లలో ఒకడు, ఒక్క మ్యాచ్ కూడా ఆడే వీల్లేక జనవరిలో టర్కీకి వెళ్లిపోయాడు.

గీత ఎందుకు గీశారు?

స్పెయిన్ కథ తెలియాలంటే 2011 ఆగస్టుకు వెళ్లాలి. ఆ ఏడాది లా లీగా మొదటి వారం మ్యాచ్‌లు జరగలేదు. ఆటగాళ్లు సమ్మె చేశారు. 200 మందికి పైగా ఆటగాళ్లకు క్లబ్బులు దాదాపు 5 కోట్ల యూరోల జీతాలు బకాయి పడ్డాయి. మెస్సీ, రొనాల్డో ఆడుతున్న లీగ్‌లో, రెండు డివిజన్లలోని చిన్న జట్ల ఆటగాళ్లకు నెల జీతం చేతికందని పరిస్థితి. ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నుల బకాయిలు వేరే.

2013లో హావియెర్ తెబాస్ లీగ్ అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది ఆర్థిక నియంత్రణ మొదలైంది. లెక్క చూడటానికి సులువే. సీజన్‌లో రాబోయే ఆదాయం ఎంతో క్లబ్బు చెబుతుంది. అందులోంచి స్టేడియం, సిబ్బంది లాంటి ఇతర ఖర్చులు, తీర్చాల్సిన అప్పులు తీసేస్తారు. మిగిలిందే జట్టు మీద పెట్టగలిగే సొమ్ము. జీతాలు, బోనస్‌లు, సామాజిక భద్రత చెల్లింపులు, కొనుగోలు ధరల్లో ఆ ఏడాది వాటా అన్నీ అందులోనే సర్దుకోవాలి. సర్దుబాటు కాకపోతే కొత్త ఆటగాడి పేరు నమోదు కాదు. యూరప్‌లో చాలాచోట్ల ఖర్చయిపోయాక లెక్కలు తీసి శిక్ష వేస్తారు. స్పెయిన్‌లో ముందే గేటు దగ్గర ఆపుతారు. ఈ తేడాయే అన్నిటికన్నా ముఖ్యం. బకాయిల మీద ఫిర్యాదులు ఆ తర్వాతి ఏళ్లలో బాగా తగ్గాయంటే కారణం ఈ గేటే.

మెస్సీకి కూడా చోటు లేదు

ఆ గేటు ముందు 2021లో బార్సిలోనా వచ్చి నిలబడింది. ఎడాపెడా కొన్న ఆటగాళ్లు, వాళ్లకు రాసిచ్చిన భారీ జీతాలు ఒకవైపు, కొవిడ్‌తో ఖాళీ అయిన స్టేడియం మరోవైపు. అప్పులు 135 కోట్ల యూరోలని, జీతాల బిల్లు ఆదాయంలో 103 శాతమని కొత్త అధ్యక్షుడు జోన్ లపోర్తా ఆగస్టులో చెప్పాడు. 2019-20లో 67.1 కోట్ల యూరోలున్న ఆ క్లబ్బు పరిమితిని లీగ్ 2021 సెప్టెంబరుకల్లా 9.79 కోట్లకు కోసేసింది. అదే సమయంలో రియల్ మాడ్రిడ్ పరిమితి 73.9 కోట్లు. 2022 మార్చిలో బార్సిలోనా అంకె మైనస్ 14.4 కోట్లకు పడిపోయింది.

మెస్సీ పాత ఒప్పందం 2021 జూన్ 30తో ముగిసింది. జీతం సగానికి తగ్గించుకోవడానికి అతను ఒప్పుకున్నాడు. క్లబ్బూ సరేనంది. అయినా జాబితాలో చోటు కుదరలేదు. లీగ్ ఒక పెట్టుబడి సంస్థతో కుదుర్చుకుంటున్న ఒప్పందంలో చేరితే తక్షణం డబ్బు వచ్చేది. బదులుగా టీవీ ఆదాయంలో వాటాను 50 ఏళ్లపాటు వదులుకోవాలి. లపోర్తా అందుకు ఒప్పుకోలేదు. ఆగస్టు 5న క్లబ్బు చేతులెత్తేసింది. 8న విలేకరుల సమావేశంలో మెస్సీ మాట మొదలుపెట్టకముందే ఏడ్చేశాడు. ముందు వరసలో కూర్చున్న భార్య ఆంటొనెల్లా టిష్యూ అందించింది. పదమూడేళ్ల పిల్లవాడిగా వచ్చి, 778 మ్యాచ్‌ల్లో 672 గోల్స్ చేసిన క్లబ్బు అది. రెండ్రోజులకు పారిస్ క్లబ్బులో చేరుతూ సంతకం చేశాడు.

ఆ రోజు లీగ్‌ను తిట్టనివాళ్లు లేరు. నియమం గుడ్డిదన్నారు, ఆటనే చంపేసిందన్నారు. నేనలా అనుకోను. మెస్సీ కోసం గీత చెరిపేస్తే రేపు మరొకరి కోసం చెరపాల్సి వస్తుంది, 2011 నాటి జీతాల్లేని ఆటగాళ్ల దగ్గరికే మళ్లీ చేరతాం. మెస్సీని వెళ్లగొట్టింది అంతకుముందు కొన్నేళ్ల దుబారా. నియమం ఆ బిల్లును చూపించింది, అంతే.

రేపటి డబ్బుతో నేటి జట్టు

బార్సిలోనా పాఠం నేర్చుకుందా అంటే పూర్తిగా లేదు. 2022 వేసవిలో లీగ్ టీవీ హక్కుల్లో తన ఆదాయంలో 25 శాతాన్ని పాతికేళ్లపాటు సిక్స్త్ స్ట్రీట్ అనే అమెరికా సంస్థకు అమ్మేసింది. సొంత స్టూడియోలో దాదాపు సగం వాటాను 20 కోట్ల యూరోలకు రాసిచ్చింది. ఆ డబ్బు చూపించి లెవాన్‌డోవ్‌స్కీ, రఫీన్యా, కూండేలను తెచ్చుకుంది. కూండే పేరు ఎక్కడానికి ఆగస్టు చివరి దాకా పట్టింది. పాతికేళ్ల ఆదాయం అంటే ఇప్పుడు లా మాసియాలో బంతి తంతున్న పిల్లల కాలపు ఆదాయం. దాన్ని ఒక్క వేసవిలో ఖర్చుపెట్టే హక్కు ఒక పాలకవర్గానికి ఉండకూడదు. నిబంధన అక్షరాన్ని పాటిస్తూనే దాని ఉద్దేశాన్ని దాటేశారు.

ఇక ఓల్మో దగ్గరికి వద్దాం. 2024 డిసెంబరు చివర్లో బార్సిలోనా కోర్టులకెక్కింది. రెండుసార్లూ ఊరట దొరకలేదు. పునర్నిర్మాణంలో ఉన్న క్యాంప్ నౌ స్టేడియంలోని వీఐపీ సీట్ల హక్కులను 10 కోట్ల యూరోలకు అమ్మామంటూ కాగితాలు తెచ్చింది. గడువు దాటిపోయింది. ఓల్మో, యువ ఆటగాడు పావ్ విక్టర్ ఇద్దరి నమోదూ రద్దయింది. ఒకే సీజన్‌లో అదే ఆటగాణ్ని అదే క్లబ్బు మళ్లీ నమోదు చేయకూడదన్న నిబంధన చూపించి లీగ్, స్పెయిన్ సమాఖ్య తలుపు మూసేశాయి. 2025 జనవరి 8న స్పెయిన్ ప్రభుత్వ క్రీడా మండలి కలగజేసుకుని తాత్కాలికంగా ఆడనిచ్చింది. అథ్లెటిక్ క్లబ్, అట్లెటికో మాడ్రిడ్ లాంటి క్లబ్బులు బాహాటంగానే అభ్యంతరం చెప్పాయి. ఏప్రిల్‌లో మండలి తుది నిర్ణయం కూడా బార్సిలోనా పక్షమే అయింది. లెక్కలు సరిగ్గా ఉన్నాయని కాదు, నమోదును తిరస్కరించిన కమిటీకి ఆ అధికారం లేదని. అప్పటికి ఆ సీట్ల సొమ్మును క్లబ్బు ఖాతాల్లో కొత్త ఆడిటర్ ఆదాయంగా చూపించలేదని లీగ్ ప్రకటించి ఉంది.

2025 ఆగస్టులో ఇంకో ఘట్టం. కెప్టెన్, గోల్‌కీపర్ మార్క్ ఆంద్రే టెర్ స్టెగన్ వెన్ను ఆపరేషన్ చేయించుకున్నాడు. నాలుగు నెలలకు మించి ఆడలేడని లీగ్ వైద్యుల బృందం తేలిస్తే, కొత్త గోల్‌కీపర్ జోన్ గార్సియా నమోదుకు చోటొస్తుంది. తన వైద్య నివేదికను లీగ్‌కు పంపడానికి సమ్మతి ఇస్తూ అతను సంతకం చేయాలి. మొదట చేయలేదు. క్లబ్బు కెప్టెన్సీ పీకేసింది. మర్నాడు సంతకం చేశాక తిరిగి ఇచ్చేసింది. ఒక మనిషి వెన్నునొప్పి ఎన్ని నెలలుంటుందన్నది క్లబ్బు జీతాల పద్దులో అంకెగా మారడం చూస్తే బాధేస్తుంది. తప్పు చేసింది ఖర్చు పెట్టిన పెద్దలు. నలిగింది ఆటగాడు.

ఇంగ్లండ్‌లో శిక్ష తర్వాత

ఇంగ్లండ్ దారి వేరు. మూడేళ్లలో ఒక క్లబ్బు నష్టం 10.5 కోట్ల పౌండ్లు మించకూడదన్నది 2025-26 దాకా ప్రీమియర్ లీగ్ పెట్టుకున్న గీత. దాటితే పాయింట్లు కోస్తారు. 2023 నవంబరులో ఎవర్టన్‌కు 10 పాయింట్లు కోశారు, అప్పీలు తర్వాత 6కు తగ్గించారు. తర్వాత మరో తప్పుకు ఇంకో 2. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కేసు ఆలోచింపజేస్తుంది. వాళ్ల లెక్కల సంవత్సరం 2023 జూన్ 30తో ముగిసింది. బ్రెన్నన్ జాన్సన్‌ను అప్పటికే అమ్మి ఉంటే నష్టం తగ్గేది. మంచి ధర కోసం ఆగి సెప్టెంబరు 1న 4.75 కోట్ల పౌండ్లకు టాటెన్‌హామ్‌కు అమ్మారు. వ్యాపారంగా చూస్తే తెలివైన పనే, రెండు నెలలు ఆలస్యమైంది. 4 పాయింట్లు పోయాయి.

ఈ లెక్కల పద్ధతిలో ఒక అన్యాయం దాగి ఉంది. కొన్న ఆటగాడి ధరను ఒప్పందకాలం మీద పంచి ఏటా కొంత ఖర్చుగా రాస్తారు. అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొనుగోలు ధరే లేదు, కాబట్టి అతణ్ని అమ్మితే వచ్చిందంతా లాభం. అంటే గీత దాటకుండా ఉండటానికి సులువైన దారి సొంత పిల్లల్ని అమ్ముకోవడం. 2024 జూన్ ఆఖర్లో న్యూకాజిల్ అదే చేసింది. చిన్నప్పటి నుంచీ తన దగ్గరే పెరిగిన స్థానిక కుర్రాడు ఇలియట్ ఆండర్సన్‌ను నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు అమ్మింది. మరుసటి ఏడాదే అతను ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఆడాడు. చెల్సీ దగ్గర డబ్బుకు కొదవలేదు, దారులకూ కొదవలేదు. ఎంజో ఫెర్నాండెజ్‌ను 10.68 కోట్ల పౌండ్లకు కొని ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం రాసింది, ఏటా పడే ఖర్చు తగ్గించుకోవడానికి. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ కళ్లు తెరిచి ఐదేళ్లకు మించి పంచకూడదని పరిమితి పెట్టింది, ప్రీమియర్ లీగ్ కూడా అదే బాట పట్టింది. ఆ లోగా చెల్సీ తన రెండు హోటళ్లను సోదర సంస్థకే 7.65 కోట్ల పౌండ్లకు అమ్మి లాభం చూపించుకుంది. ఇలాంటి అమ్మకాలను యూరప్ టోర్నీల లెక్కల్లో యూఈఎఫ్‌ఏ ఒప్పుకోదు. 2025లో ఆ క్లబ్బుకు కోట్ల యూరోల జరిమానా వేసింది.

జట్టు ఖర్చు ఆదాయంలో ఇంత శాతం మించకూడదన్న పద్ధతే ఇప్పుడు యూరప్ అంతటా వస్తోంది. యూఈఎఫ్‌ఏ దాన్ని 90 శాతంతో మొదలుపెట్టి, 80కి, 2025-26లో 70కి దించింది. ఇంగ్లండ్ కూడా 2026-27 నుంచి 85 శాతం పద్ధతికి మారాలని నిర్ణయించింది. ఇందులో పెద్ద క్లబ్బులకు లాభం ఉన్న మాట నిజం. ఆదాయం ఎక్కువున్నవాడికి 70 శాతం అంటే కొండంత, చిన్నవాడికి పిడికెడు. పైకి ఎగబాకాలనుకునే క్లబ్బుకు నిచ్చెన పొట్టిదవుతుంది. అయినా జీతాలు ఎగవేసే క్లబ్బు కన్నా నెమ్మదిగా ఎదిగే క్లబ్బే మేలు.

గచ్చిబౌలి గోడు

ఎక్కడో స్పెయిన్ లెక్కలు మనకెందుకు అనేవాళ్లకు హైదరాబాద్ ఎఫ్‌సీ కథ గుర్తుచేయాలి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన ఊరు ఇది. దశాబ్దాల స్తబ్ధత తర్వాత 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లో మనకంటూ ఒక జట్టు వచ్చింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఓటమి అంచున ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన షాట్‌తో స్కోరు 1-1 అయింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. కప్పు హైదరాబాద్‌కొచ్చింది. మరుసటి సీజన్ లీగ్ దశలో రెండో స్థానం.

ఆ మరుసటి ఏడాది అంతా కూలిపోయింది. జీతాల బకాయిలు పేరుకుపోయాయి. ఆటగాళ్లు ఫిర్యాదులు చేశారు. రెండు నెలల జీతం ఆగితే 15 రోజుల నోటీసిచ్చి ఒప్పందం తెంచుకునే హక్కును ఫిఫా నియమాలు ఆటగాడికిస్తాయి. కొత్తవాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్బు మీద నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, పేరున్న భారతీయులూ వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో 2023-24 సీజన్ ఈడ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. రెండేళ్ల కిందటి చాంపియన్లు వీళ్లేనా అని చూసినవాళ్లకు కడుపు తరుక్కుపోయింది. యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు పేరు కూడా మారిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా దేశ రాజధానికి తరలిపోయింది.

మన లీగ్‌లో అప్పట్లో ఖర్చు పరిమితి లేదా అంటే ఉంది. కొన్ని సీజన్లు జట్టు జీతాల మీద 16.5 కోట్ల రూపాయల గరిష్ఠ పరిమితి నడిచింది. అది అన్ని జట్లకూ ఒకే అంకె. ఎవరూ అంతకు మించి పెట్టకూడదని చెబుతుంది. పెడతానన్న డబ్బు అసలు క్లబ్బు దగ్గర ఉందా లేదా అని అడగదు. స్పెయిన్ గీత ఆదాయంలోంచి పుడుతుంది, ఆ ప్రశ్న ముందే అడుగుతుంది. హైదరాబాద్ మీద నిషేధం జీతాలు ఆగాక పడింది. అప్పటికే ఆలస్యమైంది. నిషేధం శిక్షించింది జీతం ఎగ్గొట్టినవాళ్లను కాదు, మిగిలిన పిల్లల్ని, టికెట్ కొనుక్కుని గచ్చిబౌలి వచ్చిన అభిమానుల్ని.

అందుకే భారత ఫుట్‌బాల్ సమాఖ్యను కోరేది ఒకటే. సీజన్ మొదలవకముందే ప్రతి క్లబ్బు ఆ ఏడాది జీతాలకు సరిపడా బ్యాంకు హామీ చూపించాలి. అది చూపించాకే ఆటగాళ్ల పేర్లు జాబితాకెక్కాలి. ఒప్పందం మీద ఆటగాడు సంతకం పెట్టకముందే అతని జీతానికి చోటుందో లేదో లీగ్ రాతపూర్వకంగా చెప్పాలి. ఓల్మోకూ అదే న్యాయం జరిగి ఉండాల్సింది. రేపు హైదరాబాద్‌కో, విశాఖకో, విజయవాడకో కొత్త క్లబ్బు తెస్తామంటూ ఎవరైనా వస్తే, ఏ విదేశీ ఆటగాణ్ని తెస్తారని అడిగే ముందు మూడేళ్ల జీతాలకు డబ్బెక్కడుందో చూపించమని అభిమానులుగా మనం అడగాలి.